అరసెకను

కుందేళ్ళకి పేర్లు పెట్టకూడదన్నది మా గది నియమం.
దీన్ని ముప్పైయొకటి అనేవాళ్ళం.
తార్తు ఊళ్ళో, కిటికీ లేని ఆ గదిలో
పదకొండేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఇది:
సన్నటి కూత ఒకటి మోగించడం,
అరసెకను ఆగి
రబ్బరు గొట్టంలోంచి దాని కుడికంటి మీదికి
ఉఫ్‌మని ఊపిరంత గాలి వదలడం.

మొదట్లో గాలి తగిలాకే రెప్ప పడేది, పాపం, ఆలస్యంగా.
తర్వాత గాలితో పాటే.
వారం తిరిగేసరికి
కూత మొదలైనా కన్ను తెరిచే ఉంచి,
లోపల ఏదో లెక్కపెట్టుకుని,
గాలి గుమ్మంలోకొచ్చే వేళకి తలుపు మూసినట్టు
నిదానంగా రెప్ప దించేది.
నేనేమో ఒక్కరోజూ బస్సు వేళకి చేరినదాన్ని కాను.

ఆపైన గాలి కట్టేస్తాం. కూత ఒక్కటే.
రోజుకి వంద కూతలు.
కాగితం మీద రెప్ప గీసే కొండ కుంగి కుంగి
సాయంత్రానికి ఉత్త గీతయ్యేది.
మర్నాడు తొలికూతకే మళ్ళీ చిన్న గుట్ట!
రాత్రికి రాత్రి ఎవరు పోశారో ఆ మట్టి.
ఆరోరోజుకి గుట్ట లేవలేదు.
"మరిచిపోయింది" అని రాశాను.
హెల్దూర్ ఆ మాట కొట్టేసి "ఆరిపోయింది" అని దిద్దాడు.
కట్టెల పొయ్యి ముందు పెరిగినదాన్ని,
ఆరడమంటే ఏమిటో నాకు చెప్పాలా?
పొద్దున్నే బూడిదలో వేలు పెట్టి చూసేది మా అమ్మ.

పని ముగిశాక సంతకం చేసి ఇంటికి తెచ్చుకున్నాను దాన్ని.
వంటగదిలో బల్ల కింద క్యాబేజీ ఆకు నములుతోంది.
ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదు, కూసింది.
అదే గొంతు, కాకపోతే కాస్త బొంగురు.
నమలడం ఆగింది.
అరసెకను.
కుడిరెప్ప దిగింది.

నా వంటగదిలో గొట్టం లేదు, గాలి లేదు.
అయితే అది నేర్చుకున్నది
"గాలి ఇక రాదు" అని కాదన్నమాట.
"ఆ గదిలో రాదు" అని.

ఆ వసంతంలోనే మిరొస్లావా ఖార్కివ్ నుంచి వచ్చింది
మా గాజుసామాను కడిగే పనికి.
సైరన్ల పరీక్ష రోజున, ముందే చెప్పినా సరే,
ఊరంతా మోగేసరికి
మా భుజాలు చెవులదాకా లేచాయి, హెల్దూర్ చేతిలో పళ్ళెం జారింది.
ఆమె మాత్రం చేతిలో గ్లాసు దించి,
"హమ్మయ్య" అన్నట్టు కూచుని
రొట్టె పొట్లం విప్పుకుంది.

"మా ఊరు సరిహద్దుకి మరీ దగ్గర" అంది, నములుతూనే.
"చాలాసార్లు ముందు పేలుడు, సైరన్ ఆ తర్వాత.
అది మోగిందంటే
పడాల్సింది ఎక్కడో పడిపోయింది,
మనం ఉన్నాం."

మరి దేనికి భయం అని నేనడగలేదు.
గదిలో ఎవరూ లేనప్పుడు
కొళాయి కొంచెం తిప్పి వదిలేస్తుందని
నీళ్ళ బిల్లు చూసి హెల్దూర్ గొణిగాడు.
చుక్కల చప్పుడు చాలు ఆమెకి,
పూర్తిగా నిశ్శబ్దమైతేనే
మెడ లోపలికి లాక్కుంటుంది.

ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది.
ముప్పైయొకటిని ఒళ్ళో పెట్టుకుంది.
నేను పాలకోసం ఫ్రిజ్ తెరిచి, మాటల్లో పడి మూయలేదు.
కూత.
దాని రెప్ప దిగే లోపలే
మిరొస్లావా అరచెయ్యి దొన్నెలా వంగి
ఆ కుడికంటి ముందు నిలిచింది,
రాని గాలికి అడ్డంగా.

ఆమెకి గొట్టం సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

ఫ్రిజ్ కూస్తూనే ఉంది.
పాలు చెడితే చెడనీ అనుకుని
అలాగే నిలబడ్డాను.